మిల్లులో వాటా కాదమ్మా, మిల్లు మీద మీ బాకీ అడగండి

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనది ముందు చెబుతాను, తేడా ఉంటే సరిదిద్దండి. మండపేట దగ్గర బాయిల్డ్ రైస్ మిల్లు. మామగారు, బావగారు, మీ వారు, ముగ్గురూ లాభనష్టాల్లో సమాన భాగస్తులు. మిల్లు ఉన్న రెండెకరాలు మాత్రం మామగారి సొంత పేరు మీద ఉంది. 2011లో మీ పెళ్లి, ఇద్దరు పిల్లలు. తొమ్మిదేళ్లు టాలీలో (కంప్యూటరు లెక్కల ప్రోగ్రాములో) మిల్లు లెక్కలు మీరే రాశారు, రూపాయి జీతం లేదు. పసుపు కుంకుమ కింద పుట్టింటివారు ఇచ్చిన ఆలమూరు వైపు పొలం 2016లో అమ్మి, ఆ 28 లక్షలు సార్టెక్స్ మిషన్ (రంగు మారిన బియ్యం ఏరేది) కోసం మీ ఖాతా నుంచి మిల్లు ఖాతాకి పంపారు. కరోనా ఏడాదిలో 30 కాసుల బంగారం తాకట్టు పెట్టి ఆ డబ్బూ ఇచ్చారు. బంగారం విడిపించారు గానీ ఇప్పుడది అత్తగారి బీరువాలో ఉంది. మీ వారు పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకుందాం, అన్నిటికీ కలిపి 15 లక్షలు ఇస్తానంటున్నారు. అదేమంటే మిల్లు అప్పుల్లో ఉందంటున్నారు. కాలిఫోర్నియాలో ఉన్న మీ పెద్దమ్మగారి అమ్మాయేమో సగం నీదే కదా అంది. ఆ సగం ఎలా లెక్క కడతారు అన్నది మీ ప్రశ్న.

నేను లాయర్ని కాను. తణుకులో ముప్పై ఏళ్లు ఆడిట్ చేశాను, అందులో సగానికి సగం రైస్ మిల్లులే. భాగస్తులు తగువులాడుకుంటే కోర్టు కమిషనర్‌గా లెక్కలు తేల్చిన కేసులు కొన్ని ఉన్నాయి. కాబట్టి చట్టం మాట మీ లాయరుగారితో ఒకసారి సరిచూసుకోండి, లెక్క మాట మాత్రం నాది.

మీ అక్కగారు చెప్పింది అక్కడి సంగతి. కాలిఫోర్నియాలో పెళ్లయ్యాక సంపాదించినది ఇద్దరిదీ అనే చట్టం ఉంది, వ్యాపారానికి విలువ కట్టించి సగం పంచుతారు. మన 1955 హిందూ వివాహ చట్టంలో అలాంటి సెక్షనే లేదు. 27వ సెక్షన్ ఒకటుంది, అది పెళ్లినాటి కానుకల్లో ఇద్దరికీ ఉమ్మడిగా చెందేవాటి వరకే. 25వ సెక్షన్ శాశ్వత భరణం గురించి. భరణం అన్నది భర్త ఆస్తితో భార్యను సమానం చేయడానికి కాదని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు సూటిగానే చెప్పింది. అందుకని "మిల్లులో నా సగం" అని అర్జీ పెడితే మొదటి వాయిదాలోనే అవతలి లాయరు నవ్వుతాడు, ఆ నవ్వుతో మీ అసలు బలం కూడా పలచబడుతుంది. మీరు ఆ మిల్లులో వాటాదారు కాదు, ఆ మిల్లుకి అప్పిచ్చినవారు. అక్కడినుంచి మొదలుపెడదాం.

మీ ప్రశ్నలో చివరెక్కడో ఒక వాక్యం రాశారు. "ఆ 28 లక్షలు మా ఆయన క్యాపిటల్‌లోకి వేయమన్నారు, వేశాను." క్యాపిటల్ అంటే భాగస్తుడు వ్యాపారంలో పెట్టిన సొంత సొమ్ము. నా మటుకు మొత్తం కేసు ఆ ఒక్క పద్దులో ఉంది. మీ పేరు మీద అప్పు కింద వేసి ఉంటే ఏటా బ్యాలెన్స్ షీట్‌లో మీ పేరు కనబడేది, భాగస్తులు సంతకం పెట్టేవారు, ఆ సంతకం బాకీ ఒప్పుకోలు కింద పనికొచ్చేది. ఆయన క్యాపిటల్‌లోకి వేయడంతో పుస్తకాల్లో మీరు మాయమయ్యారు. కానీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో మాయం కాలేదు. పొలం అమ్మిన దస్తావేజు మీ పేరున, సొమ్ము జమ అయింది మీ ఖాతాలో, వెళ్లింది మిల్లు ఖాతాకి, అదే రోజు అదే మొత్తం ఆయన క్యాపిటల్‌లో జమ. ఈ నాలుగూ పక్కపక్కన పెడితే గుమాస్తా పిల్లాడికి కూడా అర్థమవుతుంది.

పసుపు కుంకుమ పొలం స్త్రీధనం, అంటే భార్య సొంత ఆస్తి, దాన్ని అమ్మితే వచ్చిన సొమ్మూ స్త్రీధనమే. అవతలివాళ్లు ఏమంటారో ఇప్పుడే చెబుతాను: "ఇష్టపడి ఇచ్చింది, మొగుడికి బహుమతి" అంటారు. 2024 ఏప్రిల్‌లో కేరళ దంపతుల కేసొకటి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కష్టకాలంలో భార్య స్త్రీధనాన్ని భర్త వాడుకోవచ్చు గానీ తిరిగి ఇవ్వాల్సిన బాధ్యత అతనిదే అని కోర్టు చెప్పి, బంగారానికి బదులు 25 లక్షలు ఇప్పించింది. తొమ్మిదేళ్లయింది కదా, బాకీ అడగడానికి మూడేళ్ల గడువు దాటిపోయింది అని కూడా అంటారు. 2005 గృహహింస చట్టం కింద అడిగినప్పుడు స్త్రీధనం ఇవ్వకుండా ఆపడం కొనసాగుతున్న నేరమే అని 2015లోనే తీర్పు ఉంది. ఏ కోర్టులో, ఏ చట్టం కింద అడగాలన్నది అందుకే ముఖ్యం. అది లాయరుగారితో కూర్చుని తేల్చుకోవాల్సిన మొదటి పని.

బంగారం విషయం చిన్నదే. తూకంలో అడగండి, రూపాయల్లో కాదు. 30 కాసులంటే 240 గ్రాములు. కరోనా నాటి ధర కట్టి ఇస్తామంటే ఒప్పుకోకండి. అప్పటి తాకట్టు రశీదులో నగల జాబితా, తూకం ఉంటాయి. అది మీ పేరు మీదే ఉంటుంది కాబట్టి బ్యాంకులో అడిగితే నకలు దొరుకుతుంది.

ఇక మిల్లు విలువ. మీకు వాటా రానప్పుడు విలువెందుకు అంటారేమో. మూడు కారణాలు. ఆయన ఎంత ఇవ్వగలరో తేలాలి, మీ 28 లక్షలు ఇంకా మిల్లులో బతికి ఉన్నాయని చూపాలి, "అప్పుల్లో ఉంది" అన్న మాట నిజమో కాదో తేలాలి. మీ మిల్లు అంకెలు నా దగ్గర లేవు కాబట్టి ఆ సైజు మిల్లుకి ఉండే అంకెలు ఊహించి లెక్క చూపిస్తాను, మీ పుస్తకాల్లోవి అందులో వేసుకోండి.

పుస్తకం ప్రకారం యంత్రాలు 55 లక్షలు, సరుకు 150, రావలసిన బాకీలు 80, డిపాజిట్లూ నగదూ కలిపి 20. మొత్తం 305 లక్షలు. ఇవ్వాల్సినవి: బ్యాంకు సీసీ (క్యాష్ క్రెడిట్, సరుకు మీద ఇచ్చే అప్పు) 140, రైతులకీ కమిషన్ వాళ్లకీ 30, బంధువుల దగ్గర చేబదుళ్లు 60. మొత్తం 230. తీసేస్తే మిగిలేది 75 లక్షలు. ఇదే ముగ్గురి క్యాపిటల్. అందులో మీ వారిది 45 అనుకుందాం (మీ 28 కలిపి), మామగారిది 20, బావగారిది 10.

రెండెకరాల స్థలం ఎక్కడుందని వెతుకుతున్నారా? లేదు. అది మామగారి సొంతం, మిల్లు దాని మీద ఊరికే కూర్చుంది. మన వైపు సగం మిల్లులు ఇంతే. రోడ్డు పక్క స్థలం కోట్లు పలుకుతుంది, జనం దాన్నే మిల్లు విలువ అనుకుంటారు, లెక్కలోకి దిగితే అది ఫర్ముదే, అంటే భాగస్వామ్య వ్యాపారానిదే కాదు. పంచాయితీల్లో పెద్దమనుషులు "అబ్బో, నాలుగు కోట్ల మిల్లు" అని మొదలుపెట్టేది ఇక్కడే, తేలకుండా లేచిపోయేదీ ఇక్కడే.

ఇప్పుడు నిజమైన ధరలు వేద్దాం. యంత్రాలకి తరుగుదల కొట్టీ కొట్టీ పుస్తకంలో 55 చేశారు, అమ్మితే 90 వస్తాయనుకోండి. బాకీల్లో 25 లక్షలు ఇక రావు, అంటే 55. సరుకు, డిపాజిట్లు అలాగే. మొత్తం 315. చేబదుళ్లు నిజమే అనుకుంటే 230 పోను 85 లక్షలు. చేబదుళ్లు ఉత్తుత్తివి, పుస్తకంలో రాసుకున్నవే అయితే 170 పోను 145 లక్షలు. మిల్లు విలువ మొత్తం ఆ 60 లక్షల దగ్గర ఊగుతోంది, చూశారా?

చాలామంది ఇక్కడ ఒక తప్పు చేస్తారు. మూడో వంతు కదా, 85లో మూడో వంతు 28 లక్షలు, ఇదీ మా అబ్బాయి వాటా అంటారు. లాభంలో వాటా వేరు, ఆస్తిలో వాటా వేరు. 1932 భాగస్వామ్య చట్టం 48వ సెక్షన్ ప్రకారం లెక్క తేల్చేటప్పుడు బయటి అప్పులు, భాగస్తులిచ్చిన అప్పులు పోయాక ఎవరి క్యాపిటల్ వారికి ఇస్తారు. ఆపైన మిగిలినదే లాభాల వంతున పంచుతారు. 85లో 75 క్యాపిటళ్లకి పోతే మిగిలేది 10, అందులో మీ వారికి మూడు లక్షల పైచిలుకు. ఆయన 45తో కలిపితే 48 లక్షలు. చేబదుళ్లు ఉత్తివైతే 145లో మిగులు 70, అందులో 23 ఆయనది, మొత్తం 68 లక్షలు. మూడో వంతు అని చెప్పిన 28కీ దీనికీ ఎంత తేడా ఉందో చూడండి. ఆ తేడా ఎక్కడినుంచి వచ్చింది? చాలావరకు మీ పొలం నుంచి.

పుస్తకాల్లో ఆయన క్యాపిటల్‌ని ఈ మధ్య ఏమైనా తగ్గించారేమో కూడా చూడాలి. కాపురం చెడిందని తెలిశాక భాగస్తుడు హఠాత్తుగా రిటైర్ అయిపోవడం, ఆయన వాటా తండ్రికి వెళ్లిపోవడం నేను చూసిన సంగతే. దస్తావేజు మీద పాత తేదీ వేస్తారు. ఆ పాత తేదీకి రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర మార్పు నమోదైందా, జీఎస్టీ పోర్టల్‌లో భాగస్తుల వివరం ఎప్పుడు మారింది, బ్యాంకు సీసీ పత్రాల్లో ఎవరు ఎప్పటిదాకా సంతకం పెట్టారు అని చూస్తే బండారం బయటపడుతుంది. కాగితానికి పాత తేదీ వేయగలరు గానీ పోర్టల్‌కి వేయలేరు.

ఒక చిన్న పిట్టకథ, మీకు నేరుగా పనికిరాకపోవచ్చు. భాగస్వామ్యంలో ఉన్న వాటా చరాస్తా, స్థిరాస్తా అన్న ప్రశ్న 1966లో సుప్రీంకోర్టుకి వెళ్లింది. అద్దంకి నారాయణప్ప వర్సెస్ భాస్కర క్రిష్టప్ప. రెండు తెలుగు కుటుంబాలు కలిసి పెట్టిన బియ్యం, వేరుశనగ మిల్లు గొడవే అది. ఫర్ముకి భూములూ భవనాలూ ఉన్నా సరే, భాగస్తుడికి ఉన్న హక్కు చరాస్తి కిందే లెక్క, వదులుకునే కాగితానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు అన్నారు. దేశమంతా లాయర్లు ఇప్పటికీ ఆ పేరే చెబుతారు. దీనివల్ల మీకు తెలియాల్సింది ఒకటుంది: మీ వారి వాటా ఒక్క తెల్లకాగితం మీద చేతులు మారగలదు. అందుకే కేసు వేసిన రోజే, ఆస్తులు అన్యాక్రాంతం చేయకుండా ఉత్తర్వు అడగమంటాను. గృహహింస చట్టం 18వ సెక్షన్‌లో దానికి దారి ఉంది.

ఇప్పుడు రాబడి వైపు వద్దాం. కాస్త ఎక్కువసేపు కూర్చోవాల్సింది ఇక్కడే.

పుస్తకం లాభం 9 లక్షలు అనుకుందాం. మీ వారి ఆదాయపన్ను రిటర్నులో మూడో వంతు, 3 లక్షలు కనబడతాయి. నెలకి 25 వేలు. కోర్టులో "నా సంపాదన ఇంతే" అని చూపేది అదే. దాన్ని సరిచేద్దాం. మిల్లు ఖర్చులో ఆయన కారు వాయిదా, డీజిలు 3 లక్షలు, కలపండి. మిల్లు గుమ్మం తొక్కని అత్తగారి పేరున జీతం 2.4, కలపండి. ఆ 60 లక్షల చేబదుళ్లకి నూటికి రూపాయి వడ్డీ రాశారు, ఏడాదికి 7.2 లక్షలు. అవి ఉత్తివైతే అదీ కలపండి. మొత్తం 21.6 లక్షలు.

కలపడమే కాదు, తీయాల్సినవీ ఉన్నాయి. ఇక్కడ ఆడవాళ్ల తరఫు ఆడిటర్లు కూడా కళ్లు మూసుకుంటారు, అవతలి ఆడిటరు ఒక్క ప్రశ్నతో గాలి తీసేస్తాడు. మామగారి స్థలానికి అద్దె రాయలేదు, బయటివాడికైతే ఏడాదికి 6 లక్షలు కట్టాలి. మీ వారు పొద్దున్న ఆరింటి నుంచి మిల్లులో ఉంటారు, ఆ పని మేనేజరు చేస్తే 6 లక్షలు ఇవ్వాలి. మీరు ఊరికే రాసిన లెక్కలకి గుమాస్తాని పెడితే 2.4. ఈ 14.4 తీస్తే మిగిలేది 7.2 లక్షలు. మీ తొమ్మిదేళ్ల చాకిరీకి మిల్లు ఇంతవరకు కట్టని ధర ఆ 2.4 లక్షల వరుసలో ఉంది. దానికి వేరేగా దావా వేసి గెలిచినవాళ్లని నేనైతే చూడలేదు, కానీ బేరంలో ఆ అంకె బల్ల మీద పెట్టండి.

ఏడాదికి 7.2 లక్షలు వచ్చే మిల్లుని కొనేవాడు అయిదేళ్ల రాబడి ఇస్తాడనుకున్నా 36 లక్షలు. ఆస్తుల లెక్కన 145 అన్నాం. అంటే ఈ మిల్లుకి పేరు ప్రతిష్ఠల విలువ, అదే గుడ్‌విల్, ఏమీ లేదు. సరుకూ యంత్రాలే దాని విలువ. సొంత బ్రాండు సంచీ మీద కేరళ వ్యాపారులు ఫోన్ చేసి మరీ అడిగే మిల్లయితే కథ వేరు. ఆ బ్రాండు ఎవరి పేరున రిజిస్టరైందో చూడండి. ఆత్రేయపురం పూతరేకుల కొట్టు లాంటి వాటిల్లో ఇంకా చిక్కు. రేకు తీసే చెయ్యి భార్యది, బోర్డు భర్తది. ఆవిడ లేచి వెళ్లి పక్క వీధిలో కొట్టు పెడితే బోర్డుకి ఎంత విలువ మిగులుతుంది? అలాంటి కేసులో ఆవిడకి నేనిచ్చిన సలహా డబ్బు తక్కువ తీసుకుని, పోటీ పెట్టకూడదన్న షరతు మీద మాత్రం సంతకం చేయొద్దని.

మీ వారి సొంత రాబడికి వస్తే: పనికి తగ్గ జీతం 6, కారు 3, ఆ 7.2లో కారు 3 పోగా మిగిలిన 4.2లో మూడో వంతు 1.4. మొత్తం 10.4 లక్షలు, నెలకి 87 వేల దాకా. రిటర్నులో 25 వేలు. ఈ ఒక్క తేడా మీద మీ భరణం, పిల్లల చదువు ఆధారపడి ఉన్నాయి.

నిరూపించడం ఎలా అంటారా? మిల్లుకి ఎప్పుడూ మూడు లెక్కలుంటాయండి. బ్యాంకుకి ఒకటి, ఆదాయపన్నుకి ఒకటి, ఇంట్లో ఆడవాళ్లకి చెప్పేది ఒకటి. బ్యాంకు దగ్గర సీసీ పెంచుకోవాలి కాబట్టి నెలనెలా ఇచ్చే స్టాకు స్టేట్‌మెంట్లలో సరుకు నిండుగా ఉంటుంది, ప్రాజెక్టు రిపోర్టులో లాభాలు పొంగిపొర్లుతాయి. "మిల్లు అప్పుల్లో ఉంది" అని కోర్టులో చెప్పే మనిషి అదే ఏడాది బ్యాంకుకి ఏం రాసిచ్చాడో తెప్పించండి. రెండోది కరెంటు బిల్లు. క్వింటాలు ఆడటానికి ఎన్ని యూనిట్లు కాలుతాయో ప్రతి మిల్లుకీ ఒక లెక్క ఉంటుంది, ఏడాది యూనిట్లని దాంతో భాగిస్తే ఎంత ధాన్యం ఆడారో పట్టుకోవచ్చు. మూడోది సర్కారు ధాన్యం. పౌరసరఫరాల వాళ్లకి కస్టమ్ మిల్లింగ్ చేస్తే వంద కిలోల ధాన్యానికి పచ్చిబియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు అప్పజెప్పాలి. తవుడూ ఊకా మిల్లర్‌కే మిగులుతాయి. ఎన్ని టన్నులు ఆడారో ప్రభుత్వ రికార్డులో ఉంటుంది. అన్ని టన్నులకి తవుడు ఎంత రావాలి, పుస్తకంలో ఎంత అమ్మినట్టు రాశారు? తవుడు నూనె ఫ్యాక్టరీకి వెళ్లే లారీకి కాటా చీటీ లేకుండా ఉండదు. తొమ్మిదేళ్లు పద్దులు రాసిన మీకు ఇది నేను చెప్పక్కర్లేదేమో.

ఒక్క జాగ్రత్త. మిల్లు కంప్యూటరులోంచి దొంగతనంగా ఏమీ తీయొద్దు. మీ ఫోనులో, మీ మెయిల్‌లో ఇప్పటికే ఉన్నవి భద్రం చేయండి, మిగిలినవి కోర్టు ద్వారా తెప్పించండి. 2020 నవంబరు 4న రజనీష్ వర్సెస్ నేహా అనే కేసులో సుప్రీంకోర్టు దేశమంతటికీ ఒక పద్ధతి పెట్టింది. భరణం కేసులో ఇద్దరూ ఆస్తులు, అప్పులు, రాబడి అన్నీ ప్రమాణ పత్రంలో రాయాలి. వ్యాపారం, భాగస్వామ్యం వివరాలూ అందులో వస్తాయి. వ్యవసాయం మీద బతికేవాళ్లకి వేరే నమూనా కూడా ఇచ్చారు. భరణం అర్జీ పెట్టిన తేదీ నుంచి లెక్క అని కూడా అదే తీర్పు. అందుకే మాటల్లో ఆరు నెలలు నానబెడితే నష్టం మీకే. మాటలు నడుస్తుండగానే అర్జీ పెట్టేయొచ్చు.

విలువ ఏ తేదీకి కట్టాలన్నది కూడా పోట్లాడాల్సిన విషయమే. మార్చి 31కి కడదాం, ఆడిట్ అయిన లెక్క కదా అంటారు. అప్పటికి సార్వా ధాన్యం ఆడేసి ఉంటారు, దాళ్వా ఇంకా కోతకి రాదు, గోడౌను ఖాళీగా, మిల్లు బీదగా కనబడుతుంది. నేను మూడేళ్ల సగటు, దాంతోపాటు డిసెంబరు నెల స్టాకు స్టేట్‌మెంటు కూడా అడుగుతాను. భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల చెరువులైతే తేదీ ఇంకా ప్రమాదం. పట్టుబడికి పది రోజుల ముందు చెరువు బంగారం, వైట్ స్పాట్ (తెల్లమచ్చ రోగం) వచ్చిన మర్నాడు అదే చెరువు సున్నా. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరాక ధరలు పడ్డాయి, ఆ నెల అంకెలు పట్టుకుని విలువ కడితే ఎవరో ఒకరు మోసపోతారు. రొయ్యల మేత కొట్టు వాళ్ల పుస్తకాల్లో రైతుల బాకీలు కోట్లలో ఉంటాయి. ఒక కేసులో కోటీ పాతిక అని రాసున్న బాకీలు ఒక్కొక్కటీ తడిమి చూస్తే వసూలయ్యేవి సగం కూడా తేలలేదు. ఆ కేసులో భార్య తరఫు లాయరు నా మీద కోప్పడ్డాడు. లేనిదాన్ని ఉందని రాయలేనుగా.

పిల్లల సంగతి మీరు అడగలేదు గానీ చెప్పాలి. ఆ రెండెకరాలు, పొలాలు నిజంగా పిత్రార్జితమైతే మీ అబ్బాయికీ అమ్మాయికీ పుట్టుకతోనే హక్కు ఉంది. ఆడపిల్లలకి మన రాష్ట్రంలో 1986 సవరణ చట్టంతోనే వచ్చింది, దేశమంతటా 2005లో వచ్చింది. మీకు మాత్రం అందులో వాటా లేదు. తండ్రీకొడుకులు పంచుకునేటప్పుడు భార్యకి వాటా ఇచ్చే పద్ధతి దక్షిణాదిలో ఎప్పుడో పోయింది. అయితే మామగారు సొంతంగా కొన్నదీ, 1956 తర్వాత చనిపోయిన తండ్రి నుంచి వారసత్వంగా వచ్చిన వాటా కూడా ఆయన సొంత ఆస్తి కిందే లెక్క, మనవలకి పుట్టుక హక్కు ఉండదు. తాతల నాటిది అన్న మాట మీద కేసు వేయకండి. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పత్రం), పాత దస్తావేజులు తీసి ఎప్పుడు, ఎవరి నుంచి, ఎలా వచ్చిందో చూడండి. ముఖ్యంగా రాజీ పత్రంలో "పిల్లల తరఫున కూడా ఇక ఏ హక్కూ లేదు" అన్న వాక్యం పెడతారు. ఆ వాక్యం కొట్టేయించండి. పిల్లల ఆస్తి వదులుకోవడం మీ చేతిలో లేదు.

మరి 15 లక్షలకి ఎదురు అంకె ఏం చెప్పాలి? నా పద్ధతి ఇది. 28 లక్షలకి తొమ్మిదేళ్లు అర్ధరూపాయి వడ్డీ వేసినా 15 లక్షల పైన, మొత్తం 43. వాళ్లే బంధువులకి రూపాయి వడ్డీ రాస్తున్నారుగా, అదే మీకూ వేస్తే 58. బంగారం తూకానికి తూకం. భరణానికి, భర్త నికర జీతంలో పాతిక శాతం న్యాయమైనదే అని 2017లో ఒక కేసులో సుప్రీంకోర్టు అంది. అది అందరికీ రూలు కాదు, కొలబద్దగా వాడుకుంటారు. 87 వేలలో పాతిక శాతం 21,700 దాకా. ఏడాదికి 2.6 లక్షలు. ఏడు శాతం వడ్డీకి బ్యాంకులో వేస్తే ఆ మొత్తం రావాలంటే 37 లక్షలు ఉండాలి. పిల్లల ఖర్చు వేరే, దీన్లో కలపనివ్వకండి. ఈ అంకెలన్నీ కోర్టు ఇస్తుందని కాదు. 15 దగ్గర మొదలైన బేరాన్ని ఎక్కడినుంచి ఎక్కడికి లాగాలో తెలియడానికి. పైన కట్టిన లెక్కలో ఆయన వాటా 48 నుంచి 68 లక్షలు, రాబడి నెలకి 87 వేల దాకా. ఇవ్వలేని మనిషేం కాదు, ఒకేసారి ఇవ్వలేకపోవచ్చు.

ఏకమొత్తంగా వచ్చే శాశ్వత భరణానికి మామూలుగా ఆదాయపన్ను పడదు, నెలనెలా వచ్చేదానికి పడుతుంది. స్థలం రూపంలో ఇస్తామంటే డిక్రీకి ముందే, భార్యాభర్తలుగా ఉండగానే దస్తావేజు రాయించుకోవడం పన్ను రీత్యా మేలు. ఫర్ము నుంచి భాగస్తుడిని రిటైర్ చేసి పైకం తీస్తే 2021 బడ్జెట్ తర్వాత ఫర్ము మీదే పన్ను పడే సందర్భాలున్నాయి. వాళ్ల ఆడిటరు ఈ సాకు చూపి మీ అంకె తగ్గించాలని చూస్తాడు. మీ సొమ్ము వెళ్లింది మిల్లుకే అయినా జమ అయింది మీ వారి పేరున, కాబట్టి డబ్బు ఆయన నుంచి అడుగుతున్నాం, ఎక్కడినుంచి తెస్తారో ఆయన ఇష్టం అనండి.

పరస్పర అంగీకారం కేసులో రెండుసార్లు కోర్టుకి వెళ్లాలి. మధ్యలో ఆరు నెలలు. తగిన కారణం ఉంటే ఆ గడువు కోర్టు ఎత్తేయొచ్చని 2017 తీర్పు. రెండోసారి వెళ్లేదాకా ఎవరైనా అంగీకారం వెనక్కి తీసుకోవచ్చు. కాబట్టి మొదటి రోజు సగం డీడీ, రెండో రోజు జడ్జిగారి ముందు మిగతా సగం. వాయిదాల్లో ఇస్తామంటే ఆయన పేరు మీదున్న పొలం మీద చార్జి (బాకీకి ఆ పొలమే హామీ అని) రాయించుకోండి, 25వ సెక్షన్ అందుకు వీలిస్తుంది. తారీకులేసిన చెక్కులు మాత్రమే తీసుకుని కూర్చున్నవాళ్ల అవస్థ నాకు తెలుసు.

సీసీ అప్పుకి మీరు హామీ సంతకం పెట్టారా? మీరు రాయలేదు, కానీ మిల్లు కోడళ్లలో పెట్టని వాళ్లు తక్కువ. పెట్టి ఉంటే విడాకులు అయినా ఆ 140 లక్షలకి బ్యాంకు మీ మీదకి రావచ్చు. ఆయన "నేను చూసుకుంటాలే" అని రాజీ పత్రంలో రాసినా అది బ్యాంకుకి వర్తించదు. మీ హామీ రద్దు చేశామని బ్యాంకు రాతపూర్వకంగా ఇచ్చేదాకా రెండో సంతకం పెట్టొద్దు.

ఈ వారంలో చేయాల్సిన పని ఒక్కటే చెబుతాను. 2016లో డబ్బు పంపిన మీ ఖాతా ఉన్న బ్రాంచికి వెళ్లి ఆ ఏడాది స్టేట్‌మెంట్ సీలు, సంతకంతో అడగండి. పదేళ్లు దగ్గరపడుతున్నాయి, అంత పాతవి తర్వాత తీయించడం కష్టమవుతుంది. అది చేతికొచ్చాక, మిల్లు 2016–17 బ్యాలెన్స్ షీట్ నకలు మీ మెయిల్‌లో ఎక్కడైనా ఉందేమో వెతకండి. ఆడిటరుకి పంపింది మీరే అయ్యుంటారు. రెండూ దొరికితే ఇక్కడే రాయండి, పేర్లు కొట్టేసి అంకెలు మాత్రం పెట్టండి, మిగిలిన లెక్క నేను చూస్తాను.